చాంతాడు కళ్ళు తెరిచిన వారం

తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి లేకపోలేదు గానీ, చర్చిలో చిన్నాపెద్దా అందరికీ అతను చాంతాడే. అదేదో మెచ్చుకుని పెట్టిన పేరనుకునేరు! అతను ప్రార్థన మొదలుపెడితే దానికి అంతూ పొంతూ ఉండదు, అంతే సంగతి. ఆదివారం అతను లేచి గొంతు సవరించుకున్నాడంటే చాలు, తల్లులు పిల్లల్ని ఒళ్ళో సర్దుకుని జోకొట్టడం మొదలెట్టేవారు. ముసలివాళ్ళు మెల్లగా గోడ వారకి జరిగేవారు. పాస్టరుగారు వాచీ చూసుకుని, ప్రసంగం కాగితాల్లోంచి ఒకటి తీసి జేబులో పెట్టేసుకునేవారు. మనిషి మంచివాడే పాపం, మనసు వెన్న. నోటికే వాల్వు బిగించడం మరిచిపోయాడు దేవుడు.

వృత్తికి ప్లంబరు. అందులో మాత్రం చెయ్యి తిరిగినవాడు. అతని దగ్గర ఒక సన్నటి ఇనప చువ్వ ఉంది. ఒక కొస పైపుకి తగిలించి, రెండో కొస చెవి వెనక ఎముకకి ఆనించి, ఊపిరి బిగబట్టి వింటాడు. భూమిలో ఎక్కడ పైపు పగిలినా సన్నటి బుస వినిపిస్తుంది. ఆ బుస ఎక్కడ పెద్దదైతే అక్కడ తవ్వమంటాడు. పదిసార్లకి తొమ్మిదిసార్లు గురి తప్పదు. "భూమిలో పైపు గుసగుసలాడినా వినిపిస్తుంది ఈయనకి, పక్కన పెళ్ళాం అరిచినా వినిపించదు" అని అతని భార్య తోడికోడలితో చెప్పి నవ్వేది. నవ్వేదే గానీ, ఆ నవ్వు వెనకాల ఉక్రోషం లేకపోలేదు.

ఉండదూ మరి? ఆవిడ "ఏమండీ, మీతో ఒక మాట..." అన్నదే పాపం, "అలాగా, అయితే దేవుడికి చెబుదాం పద" అని కళ్ళు మూసేసుకునేవాడు. ఏ మాటో వినకుండానే ప్రార్థన! పనులు, పక్కింటివాళ్ళు, దేశాలు, పాలకులు అందరూ అయ్యి అతను కళ్ళు తెరిచేసరికి పొయ్యి మీద పాలు పొంగి గట్టెక్కి ఉండేవి. ఆవిడ గుడ్డ తీసుకుని ఆ గట్టు తుడుచుకునేది.

ఆ ఏడు చర్చివాళ్ళు ఎనిమిది రోజుల సేవాయాత్ర తలపెట్టారు. కొండమీదున్న ఒక చిన్న ఊరికి తొమ్మిదిమంది బయల్దేరాలి. నాయకుడు డ్రిల్లు మాస్టారు. బళ్ళో ఉద్యోగం మానేసి నాలుగేళ్ళయినా మెళ్ళో విజిలు మాత్రం దింపని మనిషి. ఏ గంటకి ఏం చెయ్యాలో గళ్ళు గీసి అచ్చు వేయించి అందరికీ తలో కాగితం పంచాడు. వెంట తెచ్చుకోవలసినవి మూడే: బైబిలు, రెండు జతల బట్టలు, రంగు వేసే బ్రష్షు.

సంచి సర్దుతూ భార్య అంది, "మీ పనిసామాను కూడా పెట్టుకోండి."

"సువార్తకి పానాతో ఏం పనే పిచ్చిదానా?"

"మనుషులున్నచోట పైపులుంటాయిగా. సరే, మీ ఇష్టం. వెళ్ళేముందు మీతో ఒక మాట చెప్పాలండీ..."

"చెప్పు చెప్పు. ఆగాగు, ముందు ప్రయాణం కోసం రెండు ముక్కలు ప్రార్థన చేసుకుందాం."

ఆ రెండు ముక్కలూ ముగిసేసరికి బయట వ్యాను ఏడుసార్లు హారన్ కొట్టింది. "వచ్చాక చెబుతాలెండి" అని ఆవిడ సంచి చేతికిచ్చింది. సంచి ఇంత బరువేమిటా అనుకున్నాడు గానీ, తినడానికేవో కట్టి ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాడు.

శనివారం కొండమీద వాళ్ళకి బస చూపించింది అందరూ పెద్దమ్మ అని పిలిచే ఒకావిడ. వయసు డెబ్భై రెండు. రోడ్డు మలుపులో ఉన్న చిన్న ప్రార్థన హాల్లో పసిపిల్లల బడి నడుపుతుంది. తల్లులు పనుల్లోకి వెళుతూ పొద్దున్నే పిల్లల్ని అప్పజెప్పి పోతారు. పదకొండుమంది పిల్లలు, పదకొండు ముక్కులు, ఇరవైరెండు మట్టి చేతులు, వీటన్నిటికీ పెద్దమ్మ ఒక్కతే.

ఆవిడకొచ్చిన కష్టం ఏమిటో ముందే చెప్పేస్తాను. అది తెలియడానికి ఆ తొమ్మిదిమందికి నాలుగు రోజులు పట్టింది గానీ మనకెందుకు ఆ ఖర్మ? హాలుకి పైనున్న ట్యాంకు నుంచి పైపు ఉంది, పంపు ఉంది, నీళ్ళు లేవు. మూడేళ్ళుగా లేవు. పైపు నేలలో ఎక్కడో పగిలింది. వారానికి అయిదు రోజులు వానపడే ఊరు, నేలంతా ఎప్పుడూ తడే, ఇక లీకు ఎక్కడని కనిపెడతారు? లైను మీది, తవ్వుకోండి అన్నారు పంచాయతీ ఆఫీసువాళ్ళు. కొండవాలంతా తవ్వడం ఎవరి తరం? అంచేత పెద్దమ్మ నూట పన్నెండు మెట్లు దిగి, వీధి పంపు దగ్గర బిందె నింపుకుని, మళ్ళీ అవే మెట్లు ఎక్కుతోంది. ఇప్పుడు ఆఫీసు నుంచి నోటీసొచ్చింది: నీళ్ళు లేనిచోట పసిపిల్లల్ని ఉంచరాదు, శుక్రవారం తనిఖీకి వస్తాం, పంపులో నీళ్ళు రాకపోతే బడికి తాళం. మరి మనవాళ్ళు ఏం తెచ్చారయ్యా అంటే, పదహారు డబ్బాల నీలం రంగు.

సోమవారం ఇంటింటి ప్రార్థన. మాస్టారి కాగితం ప్రకారం ఇంటికి పదిహేను నిమిషాలు. పెద్దమ్మ గది హాలు వెనకే. ఆవిడ మంచం మీద కూర్చుని కుడి మోకాలి మీద చెయ్యి పెట్టుకుంది. అంతే, చాంతాడు గుండె కరిగిపోయింది. కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాడు. ప్రభువా ఈ మోకాళ్ళు, ఈ కీళ్ళు, వీటిలోని గుజ్జు, ఈ వయసులో ఈ తల్లి పడే నొప్పులు, లేవలేక, కూర్చోలేక... ఇరవై రెండు నిమిషాలు. ఎవరి ఏడుపు వాళ్ళు ఏడ్చారు. చాంతాడైతే కండువా తడిపేశాడు.

అయ్యాక పెద్దమ్మ మెల్లగా అంది, "నాయనా, నా మోకాళ్ళకి ఏమీ కాలేదు. రోజుకి ఆరుసార్లు ఆ మెట్లు ఎక్కి దిగుతున్నాను."

"మరి ఆ చెయ్యి, పెద్దమ్మా?"

"అక్కడ చీర చిరిగింది. ఇంతమంది మగవాళ్ళొచ్చారని కప్పుకున్నాను. అసలు నాకు కావలసిందేమిటంటే..."

ఫిర్ర్ మని విజిలు. "ఏడు నిమిషాలు ఆలస్యం! తరవాతి ఇంటికి పదండి!" అని మాస్టారు అందరినీ తోలుకుపోయాడు.

మంగళవారం రంగు పని. పాత రంగు గీకే పని చాంతాడుకి పడింది. మిగతా ఎనిమిదిమందినీ మాస్టారు వెనక గోడకి పంపాడు, ఎందుకంటే చాంతాడు పక్కన ఎవరున్నా మాటలే తప్ప పని జరగదు. ఒంటరిగా గీకుతున్నాడు. పైన నీలం. దాని కింద పసుపు. దాని కింద గులాబీ. ఇంకా గీకితే ఆకుపచ్చ, దాని కింద తెలుపు. ఇదేం గోడరా బాబూ, దీనికి మనకన్నా బట్టలు ఎక్కువున్నాయి అనుకున్నాడు.

పెద్దమ్మ నీళ్ళు తెచ్చింది. గ్లాసుడు గటగటా తాగి ఇంకోటి అడిగాడు. అదీ తాగి, బిందెలో మిగిలినవి బకెట్లో ఒంపుకుని గోడ కడిగేశాడు. పెద్దమ్మ ఖాళీ బిందె చంకనెత్తుకుని మెట్ల వైపు నడిచింది. చాలాసేపటికి ఆయాసపడుతూ ఎక్కి వచ్చింది. అప్పటికి గానీ చాంతాడు బుర్ర వెలగలేదు.

"పెద్దమ్మా, ఇక్కడ పంపుందిగా! పాడైందా?"

"పంపు నిక్షేపంలా ఉంది. నీళ్ళే రావు."

"అయ్యయ్యో!" అని అతను గీకే రేకు కింద పెట్టి, చేతులు తుడుచుకుని, తల వంచి, "ప్రేమగల మా తండ్రీ..." అన్నాడు.

"కళ్ళు మూసుకోకు నాయనా!" పెద్దమ్మ గట్టిగా అనేసింది. "కళ్ళు మూసుకున్నవాళ్ళు ఇప్పటికి అయిదుసార్లు వచ్చారు. ఒక్కసారి తెరిచి నా మాట విను."

చాంతాడుకి ప్రార్థన మధ్యలో ఆగిపోవడం పుట్టాక అదే మొదటిసారి. నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. సరే ఎలాగూ ఆగింది కదా అని, బోర్లించిన బకెట్ మీద కూర్చుని విన్నాడు.

ఆవిడ అంతా చెప్పింది. మూడేళ్ళలో అయిదు బృందాలు వచ్చాయి. ఒక్కరూ ఏం కావాలని అడగలేదు. అందరూ గోడ చూసి అయ్యో అనుకున్నారు, రంగు వేశారు, ఫోటోలు దిగారు, పోయారు. ఒకాయన మాత్రం నీళ్ళనే మాట చెవిన వేసుకుని, పాపం, వాన కోసం గంటసేపు ప్రార్థించాడు. వాన రానే వచ్చింది. నాలుగు రోజులు ఆగకుండా కొట్టి, పిల్లలు పడుకునే చోటికి కూడా వచ్చింది. "నేను రోజూ ప్లంబర్ని పంపమని అడుగుతున్నాను నాయనా. ఆయనేమో రంగులవాళ్ళనే పంపుతున్నాడు. ఈ శుక్రవారంతో నా బడి సరి. ఈ పిల్లల్ని ఏ గుమ్మంలో దింపను చెప్పు? ఇంతకీ, నువ్వు ఊళ్ళో ఏం పని చేస్తావు?"

చాంతాడు బకెట్ మీంచి లేచి నిలబడ్డాడు. "ప్లంబర్ని, పెద్దమ్మా."

పెద్దమ్మ రెండు క్షణాలు అతని మొహంలోకి చూసింది. ఆ తరవాత మొదలైంది చూడండి నవ్వు! గోడ పట్టుకుని నవ్వింది, గీకిన రంగు పొడి చేతికి అంటినా చూసుకోకుండా నవ్వింది, ఆఖరికి నేలమీద కూలబడి నవ్వింది. ఎందుకో తెలియకుండానే పదకొండుమంది పిల్లలూ చుట్టూ చేరి పకపకమన్నారు.

"నాలుగు రోజుల్నుంచి నా గడపలో తిరుగుతున్నావు కదరా! ఒక్క ముక్క చెప్పొద్దూ?"

"మీరు అడగలేదు పెద్దమ్మా!"

"ఎక్కడ అడగనిచ్చావురా నువ్వు!"

'నాయనా' అనే పిలుపు పోయి 'రా' అనే పిలుపు వచ్చింది, అంటే అతను సొంతమనిషి అయిపోయాడన్నమాట. ఆ సంబరంలో తమ బస గదిలోకి పరుగెత్తి, సంచి తలకిందులు చేశాడు. బట్టలు పడ్డాయి, బైబిలు పడింది, ఆ వెనకే ధనధనమంటూ రెండు పానాలు, ఇనుము కోసే హాక్సా బ్లేడు, నాలుగు జాయింట్లు, అన్నిటికన్నా ఆఖర్న పాతగుడ్డలో చుట్టిన ఇనప చువ్వ. తినడానికి ఒక్కటీ లేదు. వద్దన్నా భార్య పెట్టింది. తను విననే లేదు.

డ్రిల్లు మాస్టారు మాత్రం ససేమిరా అన్నాడు. "మన ప్రోగ్రాంలో తవ్వకాలు లేవు, చాంతాడన్నా. రేపు రెండో కోటు."

"మాస్టారూ, ఆ విజిలు ఒకసారి ఇలా ఇవ్వండి."

"దేనికి?"

"ఇవ్వండి చెబుతాను." విజిలు చేతికి రాగానే చాంతాడు దాన్ని జేబులో వేసుకుని, "ఇప్పుడు పెద్దమ్మ చెప్పేది వినండి" అన్నాడు.

మాస్టారు విన్నాడు. వింటూ వింటూ గోడ వైపు చూశాడు. ఆకుపచ్చ పొర దగ్గర చూపు ఆగింది. మొహం కందగడ్డ అయింది. "ఆ ఆకుపచ్చ నాదే పెద్దమ్మా" అన్నాడు చివరికి. "రెండేళ్ళ కిందట ఇంకో బృందంతో, గడ్డంతో వచ్చాను. ఆ వాన ప్రార్థన కూడా... నేనే."

బుధవారం తెల్లవారుతుండగా తొమ్మిదిమందీ కొండవాలు మీద చేరారు. పైపు మాట వినాలంటే చీమ చిటుక్కుమనకూడదు. పాటలు పాడకుండా, స్తోత్రాలు చెప్పకుండా, ఊరికే కూర్చోవడం ఆ బృందానికి ఎంత కష్టమైందో! ఒకాయన తుమ్ము ఆపుకోలేక కండువా నోట్లో కుక్కుకున్నాడు. మాస్టారు అలవాటు కొద్దీ ఖాళీ మెడ తడుముకుంటున్నాడు. నోరు మూసుకుని కూర్చోండి అని అందరికీ సైగచేస్తున్నవాడు ఎవరు? చాంతాడు! అంతకన్నా విడ్డూరం ఇంకోటి ఉందా?

ట్యాంకు కింది వాల్వు తెరిచి అక్కణ్ణుంచి మొదలుపెట్టాడు. పది అడుగులకొకచోట చువ్వ నేలలోకి దింపి, పైపుకి తగిలించి, ఎముకకి ఆనించాడు. ఏమీ లేదు. ఇంకో పది అడుగులు. ఏమీ లేదు. ఎందుకు వినిపించదా అని చూసుకుంటే, పెదవులు మూసుకున్నా లోపల తను ఆగకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. ప్రభువా చూపించు, ప్రభువా ఎక్కడుంది, ప్రభువా శుక్రవారం దగ్గరపడింది అని ఒకటే రొద. లోపలి నోరు కూడా మూశాడు. అది బయటి నోటికన్నా మొండిది, మూడుసార్లు మూస్తే గానీ మూతపడలేదు.

అప్పుడు వినిపించింది, సన్నటి బుస. ఇంకో నాలుగడుగులు కిందికి జరిగితే కాస్త పెద్దదైంది. ఇంకో రెండడుగులకి చెవిలో హోరు. చటుక్కున ఒక ఆలోచన తట్టి అక్కడే చతికిలబడ్డాడు. ఇరవై ఏళ్ళుగా దేవుడి ముందు ఇంత వాగానే, ఆయనెప్పుడైనా ఒక మాట చెప్పబోయాడేమో, పాపం, ఆయనకీ నేను సందివ్వలేదు కదా! సిగ్గు వచ్చింది, నవ్వు వచ్చింది, ఏది ముందో తెలియలేదు. నేలమీద చేత్తో చరిచి, "ఇక్కడే! తవ్వండర్రా!" అని ఒక్క అరుపు అరిచాడు. ఆగి ఆగి ఉన్న తుమ్ము కూడా అప్పుడే పేలింది.

అంతా బండరాళ్ళ నేల, గురువారం మధ్యాహ్నానికి గానీ మూడడుగులు తవ్వలేకపోయారు. రాయి ఒరుసుకుని జాయింటు చిట్లిపోయి ఉంది. చాంతాడు బురదలో బోర్లా పడుకుని పాతది కోసేసి, భార్య పెట్టిన జాయింటు బిగించాడు. వాల్వు మళ్ళీ తెరిచారు. హాల్లో పంపు మొదట ఖళ్ళు ఖళ్ళుమని దగ్గింది. ఎర్రటి బురదనీళ్ళు కక్కింది. ఆ తరవాత తేటగా, బొటనవేలంత లావున ధార కట్టింది. పిల్లలు కెవ్వుమని కిందికి దూరారు. పెద్దమ్మ ధార కింద చెయ్యి పెట్టి, తీయకుండా అలాగే ఉండిపోయింది.

కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, "ఇప్పుడు చెయ్యరా ప్రార్థన. నీ ఇష్టం, ఎంతసేపైనా చేసుకో" అంది.

అంతే, తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది గోడ వెతుక్కుని చేరగిలబడ్డారు. చాంతాడు నిలబడి, "ప్రభువా, నీళ్ళొచ్చాయి. పెద్దమ్మ మాట విన్నావు, మాచేత కూడా వినిపించావు. వందనాలు. ఆమేన్" అన్నాడు.

ఎవ్వరూ ఆమేన్ అనలేదు. అయిపోయిందని ఎవరికి తెలుసు? మాస్టారు ఒక కన్ను తెరిచి, "ఏం, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగాడు.

శుక్రవారం ఆఫీసరు వచ్చాడు. నీళ్ళు రావనే నమ్మకంతో పంపు మొత్తం తిప్పేశాడు. చొక్కా, ఫైలు, కళ్ళజోడు ఏకంగా తడిసిపోయాయి. ఆ తడి కాగితం మీదే సంతకం పెట్టి, పిల్లలతో పాటు తనూ నవ్వేసి వెళ్ళాడు. బడి నిలిచింది. రంగు డబ్బాల్లో పదమూడు మూత తీయకుండానే వ్యానెక్కాయి.

శనివారం సాయంత్రం చాంతాడు ఇల్లు చేరాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, ఇతను రచ్చ గెలిచి ఇంటికి వచ్చాడు. వంటింట్లో పంపు టప్ టప్‌మని కారుతోంది. ఏడాదిగా కారుతోంది. ప్లంబరు ఇల్లు మరి! ఓహో, నేను వెళ్ళేముందు ఇది చెప్పబోయిందన్నమాట అనుకుని, చెప్పులైనా విప్పకుండా వాషరు మార్చేసి, భార్య ముందు ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. "ఇదేగా నువ్వు చెప్పాలనుకుంది?"

"చూశారా, నా మాట మళ్ళీ మీరే చెప్పేస్తున్నారు" అంది ఆవిడ.

చాంతాడు నాలిక కరుచుకున్నాడు. పీట లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. అలవాటుగా రెప్పలు వాలబోతుంటే వేళ్ళతో పైకెత్తి పట్టుకున్నాడు. ఆవిడకి నవ్వాగలేదు.

"చెప్పు" అన్నాడు. "వింటాను. దేవుడికి తరవాత చెబుదాం."

"దేవుడికి నేనెప్పుడో చెప్పుకున్నానండీ. మీకు చెప్పడమే కుదరలేదు." ఆవిడ లేచి అటక మీంచి ఒక బిస్కెట్ల డబ్బా దింపింది. నిండా మడత పెట్టిన కాగితాలు. "ఆదివారం చర్చిలో నేనూ ఒక్కసారి లేచి ప్రార్థన చెయ్యాలని కోరిక. పదకొండేళ్ళుగా వారం వారం రాసుకుని కొంగులో కట్టుకుని వస్తున్నాను. మీది అయ్యేసరికి టైమైపోతుంది. తెచ్చి ఇందులో వేస్తున్నాను."

చాంతాడు డబ్బా వంక చూశాడు, భార్య వంక చూశాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా కూర్చున్నాడు.

మర్నాడు ఆదివారం. పాస్టరుగారు "చాంతాడన్న ప్రార్థన చేస్తారు" అన్నారు. తల్లులు పిల్లల్ని సర్దుకున్నారు. ముసలివాళ్ళు గోడ వారకి జరిగారు. చాంతాడు లేచి, "ఇవాళ నా వంతు మా ఆవిడది" అని కూర్చున్నాడు.

జోకొట్టే చేతులు ఆగిపోయాయి. ఆవిడ లేచింది. చేతిలో బిస్కెట్ల డబ్బా ఉంది. మూత తీసింది. పాస్టరుగారు డబ్బాలోకి ఒక్క చూపు చూసి, ప్రసంగం కాగితాలన్నీ కలిపి జేబులో పెట్టేసుకున్నారు.

ఒక్కో కాగితమే విప్పి చదివింది. పక్కింటావిడ కాన్పు, ఆ పిల్లవాడు ఇప్పుడు ముందు వరసలో కూర్చుని ఉన్నాడు. పాస్టరుగారికి ఆపరేషను, ఆయనకి అది గుర్తొచ్చి ముక్కు చీదుకున్నారు. మా ఆయన ఇంకా ప్రార్థన చేస్తూనే ఉన్నాడు ప్రభువా, పొయ్యి కట్టేశానో లేదో నువ్వే చూసుకో, అని ఒకటి. చర్చి పైకప్పు ఎగిరేలా నవ్వారు. పాతిక నిమిషాలయ్యాయి, ముప్ఫై అయ్యాయి. డ్రిల్లు మాస్టారు చెయ్యి మళ్ళీ మెళ్ళోకి చేరిన విజిలు మీదికి పోవడం చూసి, చాంతాడు వేలు పెదవులమీద పెట్టి "ష్!" అన్నాడు. కళ్ళు మాత్రం మూయలేదు. ఒక్క మాట జారిపోకుండా ఆవిడ మొహంలోకే చూస్తూ విన్నాడు.

డబ్బా అడుక్కి వచ్చింది. ఆఖరి కాగితం మొన్న యాత్రకి బయల్దేరిన రోజుది. ఆవిడ చాంతాడు వైపు ఒకసారి చూసి చదివింది.

"ప్రభువా, ఆయన వద్దన్నా పనిసామాను సంచి అడుగున పెట్టాను. అక్కడ ఎవరికో నీళ్ళు లేవేమోనని నా మనసుకి ఎందుకో తోచింది. ఆయన నా మాట ఎలాగూ వినడు. వాళ్ళ మాటయినా వినేట్టు చూడు."

ఆమేన్ అని ఆవిడ ఇంకా అననే లేదు. అందరికన్నా ముందు, అందరికన్నా గట్టిగా చాంతాడే అనేశాడు.